డూప్లికేట్ తాళం చెవి ఉంటే ఓనరు ఇంట్లోకి వచ్చేయొచ్చా?

మా గొడవ గీజర్ స్విచ్ దగ్గర మొదలైంది. హైదరాబాద్‌లో మేం కిరాయికున్న రెండో ఇల్లు అది. కింద ఓనరు కుటుంబం, పైన రెండు గదుల వాటా మాది. ఒకరోజు ఆఫీసులో ఉండగా ఆయన ఫోన్ చేసి, "బాబూ, పొద్దున గీజర్ ఆపకుండా వెళ్లిపోయారు, నేను కట్టేశాను లెండి" అన్నారు. థ్యాంక్స్ అంకుల్ అని పెట్టేశాను. ఐదు నిమిషాల తర్వాత గానీ బుర్ర వెలగలేదు. గీజర్ స్విచ్ బాత్రూం గోడ మీద ఉంది. బాత్రూం పడగ్గదిలో ఉంది. పడగ్గదిలోకి వెళ్లాలంటే హాలు తలుపు తాళం తియ్యాలి. ఆ తాళం మేమే వేసుకుని వచ్చాం.

ఇంటికెళ్లి చూస్తే పోయిందేమీ లేదు. వారం తర్వాత మెట్ల మీద కనిపించి, మాటల మధ్యలో "మీరు గుడ్లు తింటారని ముందు చెప్పలేదే" అన్నారాయన. గుడ్లు ఎక్కడుంటాయి? ఫ్రిజ్ తలుపులో ఉంటాయి. అంటే గీజర్‌తో పని అయిపోలేదన్నమాట.

ఈ సంగతి ఎవరికి చెప్పినా రెండే జవాబులు వచ్చాయి. పెద్దవాళ్లేమో "ఇల్లు ఆయనదే కదా, సర్దుకుపోండి" అన్నారు. స్నేహితులేమో "పోలీస్ కంప్లైంట్ ఇచ్చెయ్" అన్నారు. చట్టం తెరిచి చూస్తే రెండూ సగం సగమే నిజం. అసలు చిక్కు "ఇల్లు ఎవరిది" అన్న మాటలోనే ఉంది.

చట్టం దృష్టిలో ఒక ఇంటికి రెండు హక్కులుంటాయి. ఒకటి యాజమాన్యం, రెండోది స్వాధీనం. ఇల్లు అమ్ముకోవడం, తాకట్టు పెట్టుకోవడం, పిల్లలకు రాసివ్వడం, అద్దె తీసుకోవడం, ఇవన్నీ యాజమాన్యం కిందికి వస్తాయి. ఆ ఇంట్లో ఉండటం, తలుపు వేసుకోవడం, ఎవర్ని రానివ్వాలో ఎవర్ని వద్దనాలో తేల్చుకోవడం స్వాధీనం. అద్దెకివ్వడమంటే ఈ రెండోదాన్ని డబ్బు తీసుకుని కొంతకాలం అవతలివాళ్ల చేతిలో పెట్టడం. ఓనరు అద్దె తీసుకుంటున్నది దీనికే. ఇచ్చిన దాన్ని మధ్యమధ్యలో డూప్లికేట్ చెవితో వెనక్కి తీసుకుంటానంటే కుదరదు.

ఇది నా సొంత వ్యాఖ్యానం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ అద్దెకిచ్చినవాళ్లకూ అద్దెకున్నవాళ్లకూ ఎవరి బాధ్యతలేమిటో చెప్తుంది. అందులో ఓనరు నోటితో చెప్పకపోయినా, కాగితం మీద రాయకపోయినా, ఇచ్చినట్టే లెక్కేసే మాట ఒకటుంది. అద్దె సరిగ్గా కడుతూ, ఒప్పుకున్న షరతులు పాటిస్తూ ఉన్నంతకాలం అద్దెకున్న మనిషి ఏ ఆటంకం లేకుండా ఆ ఇంట్లో ఉండొచ్చన్నదే ఆ మాట. నూట నలభై ఏళ్ల నాటి సెక్షన్, ఇప్పటికీ మన ఇళ్లకు పనికొస్తున్నది అదే.

అయితే అదే సెక్షన్‌లో ఓనరు వైపు మాట కూడా ఉంది. ఇంటి పరిస్థితి చూసుకోవడానికి ఓనరునూ, ఆయన పంపిన మనుషుల్నీ సమంజసమైన వేళల్లో లోపలికి రానివ్వాల్సిన బాధ్యత అద్దెకున్నవాళ్లది. లోపం ఏదైనా కనిపిస్తే ఆయన నోటీసు ఇవ్వొచ్చు. అది మనవల్ల జరిగిందైతే మూడు నెలల్లో బాగుచేయించాలి. ఓనర్లు, వాళ్ల తరఫు లాయర్లు ముందుగా చూపించేది ఇదే. కానీ ఒక్కసారి ఆగి చదవండి. "ఓనరు లోపలికి వెళ్లవచ్చు" అని కాదు, "అద్దెకున్నవాళ్లు రానివ్వాలి" అని ఉంది. రానివ్వడమంటే అవతల ఒకరు అడగాలి, ఇవతల ఒకరు తలుపు తియ్యాలి. మనం ఊళ్లో లేనప్పుడు దూరి ఫ్రిజ్ తెరవడం ఈ మాటలో ఎక్కడ ఇముడుతుందో నాకైతే కనిపించలేదు. వచ్చే పని కూడా ఇంటి పరిస్థితి చూడటమే, మన సామాను చూడటం కాదు. గోడ చెమ్మ ఆయన సంగతి, గుడ్లు మా సంగతి.

ఓనర్ల భయాన్ని మాత్రం తీసిపారేయను. జీవితమంతా దాచుకున్న డబ్బు ఆ ఇంట్లో ఉంటుంది. బాత్రూం లీకయితే కింది వాటా సీలింగ్ పెచ్చులూడుతుంది. ముగ్గురు ఉంటామని చెప్పి ఏడుగురు దిగుతారు. గోడ నిండా డ్రిల్లింగ్ చేసేస్తారు. అవన్నీ నిజమే, అందుకే చట్టం తనిఖీకి దారి ఉంచింది. ఆ దారి తలుపు కొట్టి వచ్చేది.

ఇక్కడ ఒక మెలిక. 108వ సెక్షన్ మొదట్లోనే "విరుద్ధమైన ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడు" అన్న అర్థంలో ఒక మాట ఉంది. అంటే పైన చెప్పినవన్నీ అగ్రిమెంట్ మౌనంగా ఉన్నచోట పనిచేస్తాయి. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద, జిరాక్స్ షాపులో రెడీగా ఉన్న నమూనాలో పేర్లు మార్చి తీసే పదకొండు నెలల అగ్రిమెంట్‌లో ఒక లైను ఏమందో మనలో ఎంతమంది చదివాం? చాలా నమూనాల్లో "ఓనరు తగిన సమయాల్లో వచ్చి ఇల్లు చూసుకోవచ్చు" అని ఉంటుంది. అది ఫర్వాలేదు, చట్టం చెప్పిందే. కొన్నింట్లో "ఎప్పుడైనా" అని ఉంటుంది. ఆ ఒక్క మాట మీద సంతకం పెట్టి, తర్వాత ఆటంకం లేని స్వాధీనం గురించి వాదించడం కష్టమవుతుంది. "ఎప్పుడైనా" అంటే అర్ధరాత్రి తాళం తీసుకుని రావచ్చని ఏ కోర్టూ అనకపోవచ్చు గానీ, ఆ వాదన దాకా ఎందుకు?

పదకొండు నెలలే ఎందుకో కూడా చెప్పుకుందాం. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చెయ్యాలని అదే చట్టంలో 107వ సెక్షన్ అంటుంది. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పుతాయన్న ఉద్దేశంతో ఒక నెల తగ్గిస్తారు. పదకొండు నెలలు అయిపోయి, కొత్త కాగితం రాసుకోకుండా అద్దె కడుతూ, ఓనరు తీసుకుంటూ ఉంటే మన హక్కు గాలిలో కలిసిపోదు. అది నెలనెలా సాగే అద్దెగా మారుతుంది. ఖాళీ చేయించాలంటే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు గడువు దాటినా, మనం కదలకపోయినా, ఆయన చెయ్యాల్సింది కోర్టుకు వెళ్లడమే. మనం సినిమాకి వెళ్లినప్పుడు తాళం మార్చి సామాను మెట్ల మీద పెట్టడం కాదు. అలా చేసినా, ఇల్లు ఆయనదే అయినా, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి తిరిగి స్వాధీనం అడగొచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఎవరు ఉంటున్నారు, వాళ్లను చట్టప్రకారం కాకుండా ఎలా పంపేశారు అన్నదే చూస్తారు.

ఇక పోలీసుల సంగతి. "సొంత ఇంట్లోకి వస్తే అక్రమ ప్రవేశం ఎలా అవుతుంది సార్" అని స్టేషన్‌లోనే అడిగేవాళ్లున్నారు. అవుతుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్ చూడండి. ఇతరుల "స్వాధీనంలో" ఉన్న ఆస్తిలోకి వెళ్లడం గురించే అది మాట్లాడుతుంది, ఇతరుల "సొంతమైన" ఆస్తి అనదు. మనిషి నివాసముండే ఇంట్లోకి అలా వెళ్తే ఏడాది దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. స్వాధీనం మనదైనప్పుడు ఓనరు కూడా దీని కిందికి వస్తాడు.

మరి పోలీసులు "ఇది సివిల్ మేటర్, కోర్టుకెళ్లండి" అని ఎందుకు పంపేస్తారు? బద్ధకం కొంత ఉంటే ఉండొచ్చు, కానీ అసలు కారణం సెక్షన్‌లోనే ఉంది. లోపలికి వెళ్లడం ఒక్కటే సరిపోదు. నేరం చెయ్యాలనో, లేకపోతే ఉన్నవాళ్లను బెదిరించాలని, అవమానించాలని, విసిగించాలనో ఉద్దేశంతో వెళ్లి ఉండాలి. పంజాబ్ నుంచి వచ్చిన ఒక కేసులో 1960ల్లోనే సుప్రీంకోర్టు దీన్ని తేల్చి చెప్పింది. నేను వెళ్తే వాళ్లకు చిరాకేస్తుందని తెలిసి ఉండటం చాలదు, చిరాకు పెట్టడమే వెళ్లిన పనై ఉండాలి అంది. మా ఓనరును స్టేషన్‌లో కూర్చోబెడితే ఏమంటారు? "కరెంటు కాలిపోతుంటే ఆపాను సార్, తప్పా?" అంటారు. నా దగ్గర జవాబు లేదు. గుడ్ల సంగతి ఆయన మనసుకూ మా ఫ్రిజ్‌కూ మాత్రమే తెలుసు.

అందుకే మెసేజ్ ముఖ్యం. "అంకుల్, మేం లేనప్పుడు దయచేసి ఇంట్లోకి రావద్దు. పని ఉంటే ముందు రోజు చెప్పండి, మేం ఉండి తలుపు తీస్తాం" అని వాట్సాప్‌లో ఒకసారి మర్యాదగా రాసి పెట్టండి. రెండు టిక్కులు నీలం రంగుకు మారాక మళ్లీ వచ్చారంటే, పొరపాటున వచ్చాననో మంచికి వచ్చాననో అనడం ఆయనకు కష్టం. ఉద్దేశం అనేది ఎవరి మనసులోకీ వెళ్లి చూడలేనిది, ఇలాంటి కాగితాల నుంచే ఊహిస్తారు. నోటితో చెప్పి ఊరుకుంటే ఆ మాట మెట్ల మీదే పోతుంది. మేం చేసిన తప్పు అదే. మూడుసార్లు నోటితోనే చెప్పాం.

కొన్ని సందర్భాల్లో మాత్రం మెసేజులూ మర్యాదలూ వద్దు, నేరుగా 112 కే. గదిలోనో బాత్రూంలోనో కెమెరా కనిపించినా, ఒంటరిగా ఉన్న ఆడపిల్ల గదిలోకి చెప్పకుండా వచ్చినా, కిటికీలోంచి తొంగిచూసినా అది అద్దె తగాదా కాదు. ఆడవాళ్లను వాళ్ల ఏకాంతంలో చాటుగా చూడటం, ఫొటోలు వీడియోలు తియ్యడం న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. దీనికి అగ్రిమెంట్‌తో పని లేదు, అద్దె బాకీ ఉన్నా సంబంధం లేదు. కెమెరా దొరికితే పీకేయకండి. ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి, గదికి తాళం వేసి పోలీసుల్ని పిలవండి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా పై అధికారికి పంపే దారి చట్టంలోనే ఉంది, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థలు ఉచితంగా లాయర్‌ను ఇస్తాయి. వాళ్ల నంబరు 15100.

కెమెరాలూ తొంగిచూడటాలూ లేని మామూలు కేసుల్లో నాకు తోచిన మొదటి ఆయుధం తాళం. పాత పోర్షన్లలో తలుపుకు అల్‌డ్రాప్ ఉంటుంది, దానికి మన తాళం కప్ప వేసుకుంటే సరి. అపార్ట్‌మెంట్లలో తలుపులోనే ఉండే తాళమైతే లోపలి సిలిండర్ ఒక్కటే మార్పించొచ్చు. పాతది జాగ్రత్తగా దాచి, ఖాళీ చేసే రోజు మళ్లీ బిగించి ఇచ్చెయ్యాలి. అగ్రిమెంట్‌లో తాళాలు మార్చకూడదని రాసి ఉందేమో చూసుకోండి, లేకుంటే అడ్వాన్స్ తిరిగిచ్చేటప్పుడు అదే వంకవుతుంది. మేం నలభై రోజులు ఆలోచించి చివరికి ఒక కప్ప కొన్నాం. ఆ మర్నాడే ఓనరు ఆంటీ పైకి వచ్చి, "మా మీద నమ్మకం లేదా అమ్మా?" అని మా ఆవిడను అడిగింది. ఎంత సెక్షన్లు చదివినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం మహా కష్టం.

చెయ్యకూడనిది ఒకటుంది. కోపంతో అద్దె ఆపెయ్యడం. ఆటంకం లేని స్వాధీనానికి చట్టం పెట్టిన షరతే అద్దె సరిగ్గా కట్టడం. అది ఆపితే మనల్ని కాపాడే మాటను మనమే చింపేసుకున్నట్టు. పైగా ఖాళీ చేయించడానికి ఆయనకు గట్టి కారణం మనమే ఇచ్చినట్టవుతుంది. కట్టండి, అదీ బ్యాంకు ద్వారా. ఎందుకంటే విషయం సివిల్ కోర్టు దాకా వెళ్తే, ఓనరు ఇంట్లోకి రాకుండా ఇంజంక్షన్ ఆర్డర్ కావాలని అడిగితే, జడ్జి ముందు చూసేది ఆ ఇల్లు మన స్వాధీనంలో ఉందా లేదా అన్నదే. యూపీఐ చెల్లింపులు, ఆ అడ్రసుకు వచ్చే గ్యాస్ బిల్లు, అగ్రిమెంట్ అప్పుడు మాట్లాడతాయి. నగదు ఇచ్చి రసీదు తీసుకోనివాళ్లు అక్కడే తడబడతారు.

ఏ కోర్టు అన్నదానిలోనూ గందరగోళం ఉంది. రెంట్ కంట్రోల్ కోర్టుకెళ్లు అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. తెలంగాణలో నడుస్తున్నది ఉమ్మడి రాష్ట్రం నాటి 1960 చట్టం. 2005లో చేసిన సవరణతో, మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలు దాని పరిధి దాటిపోయాయి. హైదరాబాద్‌లో ఇప్పుడు ఆ డబ్బుకు ఏం వస్తుందో మీకే తెలుసు. అందువల్ల ఎక్కువ మందికి మిగిలింది ఆస్తి బదిలీ చట్టం, మామూలు సివిల్ కోర్టు.

కేంద్ర కేబినెట్ 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ చిక్కునే నేరుగా పట్టుకుంది. ఓనరు రావాలంటే కనీసం 24 గంటల ముందు, రాతపూర్వకంగానో ఫోన్ మెసేజ్ లాంటి ఎలక్ట్రానిక్ రూపంలోనో, ఎందుకు వస్తున్నదీ చెప్తూ నోటీసు ఇవ్వాలంటుంది. అగ్నిప్రమాదం, వరద లాంటి అత్యవసరాలకు మినహాయింపు ఉంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప మన తలుపు దాకా రాదు. ఆ దారిలో తమ అద్దె చట్టాలు మార్చుకున్న రాష్ట్రాలంటూ కేంద్రం చెప్పినవాటిలో ఆంధ్రప్రదేశ్ ఉంది, తెలంగాణ లేదు. చట్టం లేకపోయినా ఆ 24 గంటల నియమాన్ని అగ్రిమెంట్‌లో ఒక లైనుగా రాసుకోవడానికి ఎవరూ అడ్డురారు.

అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ హాస్టళ్లలో ఉండే పిల్లలకు మాత్రం ఈ లెక్క మారుతుంది. నెలకింత అని కట్టి మంచం, భోజనం తీసుకునేచోట చాలావరకు అది లీజు కాదు, లైసెన్సు. గది పూర్తిగా మన స్వాధీనంలోకి రాదు, ఉండటానికి అనుమతి మాత్రమే వస్తుంది. పేరు లీజని రాశారా లైసెన్సని రాశారా అన్నది కాదు, స్వాధీనం నిజంగా ఎవరికిచ్చారన్నది చూడాలని సుప్రీంకోర్టు 1959లోనే ఒక హోటల్ కేసులో చెప్పింది. కాబట్టి వార్డెన్ శుభ్రం చేయించడానికి గదిలోకి వస్తే అక్రమ ప్రవేశం అనడం కష్టం. కెమెరా, దొంగతనం, వేధింపుల సెక్షన్లు మాత్రం హాస్టల్లోనూ అంతే గట్టిగా పనిచేస్తాయి.

అమెరికా వెళ్లిన మన పిల్లలు కూడా "అక్కడ రూల్స్ స్ట్రిక్ట్" అని ధీమాగా ఉంటారు. కాలిఫోర్నియాలో నిజమే, ఓనరు సాధారణంగా 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పి, పనివేళల్లో రావాలని చట్టంలోనే ఉంది. మనవాళ్లు గుంపులుగా ఉండే డాలస్ మాత్రం టెక్సస్‌లో ఉంది. అక్కడ దీనికంటూ అలాంటి చట్టం లేదు, లీజు కాగితంలో ఏం రాసుకుంటే అదే. మన స్టాంప్ పేపర్ కథే అక్కడా.

అన్నిటికంటే ఎక్కువ గొడవలు వచ్చేది ఖాళీ చేస్తామని చెప్పిన ఆఖరి నెలలో. గేటుకు టూలెట్ బోర్డు వేలాడుతుంది. ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే, చూడటానికి వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని ఓనరు వంటింట్లోకి వచ్చేస్తారు. వాళ్లు మన బీరువా పక్కన నిలబడి "ఇక్కడ మా మంచం పడుతుందా" అని కొలుస్తారు. చట్టంలో ఉన్నది ఇంటి పరిస్థితి తనిఖీ, కొత్తవాళ్లకు చూపించడం గురించి అందులో మాట లేదు. అయినా ఇక్కడ పంతానికి పోవడం వల్ల లాభం లేదు. మన అడ్వాన్స్ తిరిగి రావాలన్నా కొత్తవాళ్లు దిగితేనే చాలామంది ఓనర్ల చేతికి డబ్బు వస్తుంది. "శని, ఆదివారాలు సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా తీసుకురండి" అని మనమే వేళ చెప్పేస్తే గొడవ సగం పోతుంది. మేం అలాగే చేశాం. పాపం, ఆ వేళలు ఆయన చివరిదాకా పాటించారు.

తర్వాతి ఇంటికి అగ్రిమెంట్ రాసేటప్పుడు జిరాక్స్ షాపు నమూనాలో "తగిన సమయాల్లో" అన్న లైను కొట్టేయించి, దాని బదులు ఇలా టైపు చేయించాం: "ఇంటి మరమ్మతు లేదా తనిఖీ కోసం యజమాని ఒక రోజు ముందు మెసేజ్ ద్వారా తెలియజేసి, అద్దెదారు లేదా వారి కుటుంబ సభ్యులు ఇంట్లో ఉన్నప్పుడు రావలెను." కొత్త ఓనరు కళ్లజోడు పైకి నెట్టుకుని రెండుసార్లు చదివారు. "మరి మీరు ఊరెళ్లినప్పుడు పైపు పగిలితే?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. టైపు చేసే కుర్రాడు మళ్లీ కూర్చున్నాడు. "నీటి లీకేజీ, మంటలు, గ్యాస్ వాసన వంటి అత్యవసరాల్లో ఫోన్ చేసి వెంటనే రావచ్చు" అని ఇంకో లైను కలిపాడు. దానికి ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు. అది ఎవరివ్వాలో ఒక నిమిషం బేరమాడుకుని, ఇద్దరం సంతకాలు పెట్టాం.